పైకి నేనూ వస్త

"మంచు సూడబోతున్నవా, ఇల్లు మారుతున్నవా?"

నాచారం ఇంట్లో అమ్మ సర్దుతున్న సంచుల్ని చూసి భాగ్యశ్రీ నవ్వింది. స్వెట్టర్ ఒక్కటే కనబడుతోంది. మిగతావన్నీ ఆవకాయ సీసాలు, కందిపొడి, కారం, చింతపండు.

"నీకేం ఎర్క? ఆ కొండలల్ల మన కారం దొరకదు," అంది సూర్యకళ.

"పోయినేడు పోయినవ్. అంతకు ముందటేడు గూడ పోయినవ్. ఒక్క ఫొటోల మంచు లేదు, అన్ని హోటల్ గోడలే. మల్లవ్వత్త ఏమంటున్నదో ఎర్కేనా? నువ్వు అసలు చర్లపల్లి టేషనే దాటలేదంటున్నది."

సూర్యకళకు ఒళ్లు మండింది. మల్లవ్వ ఆమె ఆడబిడ్డ, పక్కింట్లోనే ఉంటుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఈపాటికి గల్లీ అంతా పాకే ఉంటుంది. అయినా తప్పెవరిది? నిరుడు వాకిట్లో కూర్చుని మంచు గురించి తానే గొప్పగా చెప్పింది. అంతా విని మల్లవ్వ, "చేత్తోని పట్టుకుంటె ఎట్లుంటది వదినె?" అని అడిగేసరికి లేచి ఇంట్లోకి వచ్చేసింది. చెప్పినవన్నీ పైకి వెళ్లొచ్చిన వాళ్ల దగ్గర విన్న ముచ్చట్లే.

"ఈసారి మంచులనే కూసుంట," అంది సూర్యకళ. "ఫొటో రాకపోతే నన్ను అమ్మా అని పిలువకు."

రైలు దిగి, బస్సులో కొండలెక్కి, టూరు బృందం మంచు చూసే గ్లేసియర్ పార్కు కింది పట్టణం చేరింది. ఉన్నది ఒకటే బజారు. దుకాణాల నిండా అద్దె కోట్లు, రబ్బరు బూట్లు. ఎక్కడో పైన కొండ మీద తెల్లగా ఏదో మెరుస్తుంది. అది మబ్బో మంచో కింది నుంచి చూస్తే తెలియదు. వచ్చిన ప్రతిసారీ సూర్యకళ చూసింది అంతవరకే. పైకి పోయే జీపులకు చెయ్యి ఊపి హోటల్లో ఉండిపోయేది.

మర్నాడు పొద్దున జీపులొచ్చాయి. అందరికంటే ముందు లేచిన సూర్యకళ అద్దె కోటు తొడుక్కుని మొదటి జీపులో ఎక్కి కూర్చుంది.

టూరు నడిపే విశ్వనాథం అది చూసి పరుగున వచ్చాడు.

"ఇదేందక్కా? దిగు."

"దిగ."

"పైన గాలి తక్కువుంటది. నీకు అసలే ఆయాసం. వచ్చినప్పుడల్ల చెప్తనే ఉన్న గద."

"నేను ఇనుకుంటనే ఉన్న గద. నాకంటె పెద్దోళ్లు గా ఎన్క జీపుల ఉన్నరు. ఆళ్లకు రాని ఆయాసం నాకే వస్తదా?"

"ఆళ్ల సంగతి వేరు. నువ్వు పడకేస్తే అందరి ప్రయాణం ఖరాబైతది."

"పడకెయ్య. ఫికర్ జెయ్యకు."

వెనక సీట్లో ఉన్న నరేందర్‌కు గుబులు పుట్టింది. ఉప్పల్‌లో మొబైల్ దుకాణం అతనిది. "సారూ, ఆమెకేమన్నైతే మా గతేంది? ఇంకా మస్తు తిరిగేదున్నది."

"నీ గతి నువ్వు సూస్కో తమ్మీ," సూర్యకళ వెనక్కి తిరిగింది. "మీరందరు సూసొచ్చి చెప్తె ఇన్నదాన్ని. ఇయ్యాల నా కండ్లతోని నేను సూస్త. ఏం, నాకు లేవా కండ్లు?"

పక్కన కూర్చున్న పద్మశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి హబ్సిగూడ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది.

"రానియ్యుండ్రి సారూ. అక్కను నేను సూస్కుంట."

"అక్కను నువ్వు సూస్కుంటవ్. మిగిలింది ఎవరు సూస్కుంటరు?" అని గొణిగాడు విశ్వనాథం.

డ్రైవర్ హారన్ కొట్టాడు. సూర్యకళ ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ఇక ఆమెను దింపాలంటే ఆ కమ్మీని కూడా ఊడదీయాలి. విశ్వనాథం తల కొట్టుకుంటూ వెళ్లి వెనక జీపెక్కాడు.

పార్కు గేటు నుంచి నడక. ఆయాసం వచ్చింది, అబద్ధమెందుకు. ఆగి ఊపిరి తీసుకుంది, మళ్లీ నడిచింది. "ఇక్కడ్నే కూసో అక్కా," అని విశ్వనాథం అన్న ప్రతిసారీ ఇంకాస్త వేగం పెంచింది.

మలుపు తిరగ్గానే మంచు. నల్లటి రాళ్ల మధ్య లోయంతా పరుచుకుని ఉంది. పగుళ్లలో లేత నీలం. అడుగున ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. ఆ నీలం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చప్పుడు సంగతీ చెప్పలేదు.

సూర్యకళ అక్కడే చతికిలబడి గుప్పెడు మంచు తీసుకుంది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. పద్మశ్రీ ఫోన్లో వీడియో మొదలుపెట్టింది.

"మల్లవ్వా, ఇగ సూడు," అంది సూర్యకళ గుప్పెట చూపిస్తూ. "పట్టుకుంటె సల్లగుండదే, మండుతది!"

పొద్దు నడినెత్తికి వచ్చింది. మంచు ముద్దలు విసురుకుని అందరూ అలిసిపోయారు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, ఇగ దిగుదాం," విశ్వనాథం బతిమాలాడు.

"మీరు దిగుండ్రి. నా కడుపు నిండినంక నేనొస్త."

నరేందర్ విశ్వనాథం పక్కకు చేరాడు. "సారూ, మరి పగటీలి అన్నం సంగతేంది?"

విశ్వనాథం పెదవి విరిచి మంచు వైపు చూశాడు.

వాళ్ల వంటమనిషి అందులోంచి లేవనంటోంది.