పెడల్‌కి శ్రుతి కుదిరింది

బట్టలు కుట్టే ఆవిడకీ, గిటార్ వాయించే తన మొగుడికీ మాటల్లేక ఆరు రోజులైంది. ఎవరో గౌను కుట్టమని ఇచ్చిన పట్టుగుడ్డతో ఆయన గిటార్ తుడిచాడు. అదీ గొడవ.

ఉప్పు ఎక్కడుందని ఆయన గోడనడిగితే, పై అరలో ఉందని ఆవిడ కుట్టుమిషన్‌కి చెప్పేది.

ఆ మధ్యాహ్నం ఆయన మిషన్ ఎదురుగా చతికిలబడి కోరస్ పెడల్ ముందు పెట్టుకున్నాడు. గిటార్ మోతని నీళ్లలో నీడలా ఊగించే అరచేతంత డబ్బా అది. మూడు నాబ్‌లు. ఊపు ఎంత వేగంగా ఉండాలో ఒకటి, ఎంత లోతుగా ఉండాలో ఒకటి, అసలు మోతలో ఎంత కలవాలో ఇంకొకటి. తెల్లారితే కచేరీ.

మొదటి నాబ్ తిప్పి తీగ మీటాడు. మిషన్ ఆగింది.

"మరీ వణుకుతోంది. చలిజ్వరం వచ్చినట్టుంది," అంది ఆవిడ, చేతిలోని సూదితో.

ఆయన తిప్పాడు. "ఇప్పుడో?" అని పెడల్‌ని అడిగాడు.

"ఇప్పుడు నిద్రపోతోంది. రవ్వంత పెంచండి."

ఆయన వేలు నాబ్ మీదే ఆగిపోయింది. సూదినెవరూ 'అండీ' అనరు.

"లోతు ఎంత పెట్టమంటావు?"

"సగానికి. ఏదైనా నిండా ముంచితే గానీ మీకు తృప్తి ఉండదు."

"పట్టుగుడ్డ సంగతేనా?"

"నేను పెడల్ సంగతే చెబుతున్నా."

మెడలో టేపుతోనే వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. మూడో నాబ్ తనే అందుకుంది. చొక్కా చంక దగ్గర బిగువు చూసినట్టు, వెంట్రుకవాసి అటూ వెంట్రుకవాసి ఇటూ తిప్పింది. ఆయన మీటుతూనే ఉన్నాడు.

"ఆగండి. అదీ. ఇంక కదపకండి."

"నీ చెవి ముందు నా ఇరవై ఏళ్ల వాయింపు దండగ."

"ఈ ముక్క ఆరు రోజుల కిందట అనుంటే సరిపోయేది."

"తప్పు నాదే. అలాంటి గుడ్డ ఎక్కడున్నా వెతికి తెస్తా."

"నేనూ వస్తా. మీకు ఎరుపుకీ ఇటుకరంగుకీ తేడా తెలీదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆవిడ టీ పెట్టడానికి లేచింది. నాబ్‌లు ఎక్కడున్నాయో గుర్తుండేలా ఆయన ఆవిడ సుద్దముక్కతో పెడల్ మీద గీతలు గీశాడు.

బ్యాటరీ లేని పెడల్‌కి నాబ్‌లు ఎంత తిప్పినా మోతలో పిసరంత తేడా రాదని, గొడవైన రోజే ఆ బ్యాటరీ పీకి బొత్తాల డబ్బాలో దాచిన ఆవిడకీ తెలుసు, దాస్తుండగా తలుపు చాటునుంచి చూసిన ఆయనకీ తెలుసు.