కార్డులో లోపం లేదు

"నాసిరకం గ్రాఫిక్స్ కార్డు అంటగట్టారు మాకు!" అని అక్షయ పటమటలోని కంప్యూటర్ షాపాయన మీద విరుచుకుపడింది.

ఆరేళ్లుగా చీరల అంచులకు డిజైన్లు గీసేది సింధూరి, వాటిని మంగళగిరి మగ్గాలవాళ్లకు అమ్మేది అక్షయ. వారం నుంచి ఇద్దరూ వాడే కంప్యూటర్ తెరమీద బొమ్మ ఆగాగి కదులుతోంది.

ఆయన క్యాబినెట్ మూత తీశాడు. "కార్డుకేం కాలేదమ్మా. ఎవరో ఫైళ్లు దాచుకునే రెండో డ్రైవ్ పెట్టారు. ఈ స్లాటులో డ్రైవ్ పెడితే, డేటా వెళ్లే పదహారు లేన్లలో కార్డుకి ఎనిమిదే మిగులుతాయి. తీసెయ్యమంటారా?"

"మేమేం పెట్టలేదే!" అంది సింధూరి.

"తీసెయ్యండి," అంది అక్షయ గబగబా. ఇందాకటి గొంతు కాదది. "అందులో నీ డిజైన్లేం లేవులే సింధూ."

సింధూరి షాపాయన చేతికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఏమున్నాయని నేనింకా అడగలేదే, అక్షయా."