రాజనర్సయ్య కార్డు

"ఏ కార్డు కనిపించట్లేదు మామ్మగారూ, మీదేనా?" పింఛను కౌంటర్లో మంజూష కంప్యూటర్ వైపు చూస్తూనే అడిగింది.

"మా ఆయనది బిడ్డా. రాజనర్సయ్య. ముసలోళ్ల పింఛను," అంది భూలక్ష్మి.

"కంగారేం లేదు. పాతది ఆపేసి కొత్తది ఇస్తాం. ఆయన్నే తీసుకురండి, వేలిముద్ర కావాలి."

"ఆయన రాడు. పోయిన వారం పాణం ఇడిసిండు. ఇగ నాకు పింఛను రావాలంటే ఆయన కార్డు వాపస్ ఇయ్యాలన్నరు."

మంజూష వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. "మరి ఆ కార్డు ఏమైందండీ?"

"పంజాగుట్ట శ్మశానంల కాలిపోయింది. ఆయనకు తొడిగిన కొత్త అంగీ జేబుల నేనే పెట్టిన."

"ఎందుకు పెట్టారు?"

"కార్డు మర్శిపోయి ఎన్నిసార్లు ఈ లైన్ల నుంచి ఉత్త చేతులతోని ఇంటికొచ్చిండో. అక్కడ సుత తిప్పి పంపుతరేమోనని పెట్టిన."

బయట మైత్రీవనం కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లలు గుంపులుగా వెళ్తున్నారు. భూలక్ష్మి కాసేపు వాళ్లనే చూసింది.

"పెట్టకుంటే," అంది మెల్లగా, "తిప్పి పంపేటోళ్లేమో బిడ్డా."