నవ్వుల్లో కట్టే ఫీజు

“పెద్దమ్మా, నీకో మంచి హోమ్ చూశాను,” అన్నాడు గవర్రాజు.

“హోమమా? ఎవరి జాతకం బాగోలేదురా?”

“హోమం కాదే తల్లీ, పెద్దవాళ్లుండే హోమ్! అక్కడ పొగ రాదు, నెయ్యి అసలే రాదు.”

ఆ రోజుల్లో ఒళ్లు తుడవడం నుంచి ఊసులు చెప్పడం వరకు అన్నీ యంత్రాలే చేసేవి. నవ్వించడం ఒక్కటే వాటికి చేతకాలేదు. అందుకని కాకినాడలోని ఆ హోమ్ ఫీజును నవ్వుల్లో పుచ్చుకునేది. చుట్టాలు వచ్చి తమ పెద్దవాళ్లను నెలకు మూడొందల సార్లు నవ్విస్తే చాలు, వాళ్ల ముంజేతికి కట్టిన పట్టీ ఆ నవ్వులు లెక్కపెట్టుకుంటుంది. లేదంటే రెండు లక్షలు. మాటలు విరిచి ‘పన్’ జోకులు వేయడమే పనిగా బతికిన గవర్రాజుకు లక్షలు లేవు గాని నోరుంది. చేరిన వారంలోనే సీతారత్నం పెద్దమ్మ మూడొందలూ నవ్వేసింది.

మేనేజరు పద్మిని ముచ్చటపడి అతణ్ని హాల్లో అందరి ముందూ నిలబెట్టింది.

“ఇక్కడి ఉప్మాలో ఉప్పు లేదండీ, ‘మా’ ఒక్కటే మిగిలింది!” అని గర్జించాడు గవర్రాజు.

నలభై మంది పెద్దలు శ్రద్ధగా విని ఊరుకున్నారు. పెద్దమ్మ మాత్రం పడీ పడీ నవ్వింది.

పద్మిని మొహం ముడుచుకుంది. “అయితే ఈవిడవి దొంగ నవ్వులండీ. డబ్బైనా కట్టండి, ఆవిణ్నైనా తీసుకెళ్లండి.”

గవర్రాజు ఖాళీ జేబులు తడుముకున్నాడు.

“దొంగ నవ్వు నాకెందుకమ్మా?” అంది పెద్దమ్మ అందరికీ వినబడేలా. “వీడి జోకు ఒక్కటీ నాకు అర్థమై చావదు. చెప్పేముందే తనే మురిసిపోయి, బుగ్గలు పూరీల్లా పొంగిస్తాడు. ఆ మొహానికే నవ్వొస్తుంది నాకు. ఏదీ, ఇంకోటి చెప్పరా, వాళ్లూ చూస్తారు.”

గవర్రాజు బుగ్గలు పొంగాయి. జోకు నోటి దాకా రాకముందే, పద్మినితో సహా హాలంతా గొల్లున నవ్వింది.