పొగ ఎవరిది ఎక్కువ?

అనగనగా ఒక ఏరు. దానికి ఇటు కొండ అడవిపందులది, అటు కొండ ఏనుగులది. ఏటా ఎండలు ముదరగానే, ఎవరి కొండ ఎక్కువ పొగ వదిలిందో తేల్చమని రెండు వర్గాలూ ముసలి గద్ద సూరమ్మను పిలిచేవి. అంత పైనుంచి చూడగలిగేది ఆమె ఒక్కతే. ఆ ఏడూ వచ్చింది, రెక్కలు ఈడ్చుకుంటూ.

"చూడు సూరమ్మత్తా, పందులు అడవి తగలబెట్టి దుంపలు వేస్తున్నాయి. మా కొండ మీద ఒక్క నిప్పురవ్వ లేదు," అన్నాడు ఏనుగుల పెద్ద.

"మీ తాతలు చెట్లన్నీ ఎప్పుడో కూల్చేశారుగా, ఇక కాలడానికి ఏముంది? మా పిల్లలు తినొద్దా?" అంది పందుల పెద్ద.

"ఈ ఏడాది మేం మొక్కలు నాటాం. అవీ లెక్కలోకి రావాలి," అన్నాడు ఏనుగుల పెద్ద.

"మోకాలెత్తు లేవు, అవీ చెట్లేనా!"

ఏటా ఇవే మాటలు. సూరమ్మ నిట్టూర్చి ఎగిరింది. ఎంత పైకి పోయినా పొగే. ఏ కొండ ఏదో తెలియలేదు. దగ్గుతూ దిగింది.

"పొగంతా ఒకటైపోయింది నాయనలారా. వాటాలు తర్వాత చూసుకోండి. ముందు ఆ మంట ఆర్పండి, ఆ బోడికొండ మీద అడవిని పెరగనివ్వండి."

పెద్దలిద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు.

"పాపం, ముసలిదానికి చూపు మందగించింది. వేరే గద్దను వెతుకుదాం."

సూరమ్మ గొంతు తడుపుకుందామని ఏటి ఒడ్డున వాలింది. నీళ్ల మీద బూడిద తేలుతోంది. ముక్కుతో దాన్ని పక్కకు తోసి, రెండు గుక్కలు తాగింది.