దొరల గది తలుపు

జేసీబీ బకెట్ గాల్లో ఆగింది. దాని కింద శారదమ్మ, కాళ్లు చాపుకుని. ఆమె వీపు వెనక పాత రైలు స్టేషన్, దాని మూసిన తలుపు.

“లే అవ్వా. నా నౌకరీ పోతది,” అన్నాడు డ్రైవర్ దయాకర్.

“పోనీయ్. నన్ను తొక్కినంకనే ఈ తలుపు ముట్టు.”

సత్యదేవ్‌కి ప్రాణం లేచొచ్చింది. స్టేషన్ కూల్చొద్దని కోర్టుకెక్కింది అతనే. అక్కడ వకీలు ఇంకా వాదిస్తున్నాడు. స్టే వచ్చేలోపు బకెట్ దిగిందా, చరిత్రంతా మట్టే. సికింద్రాబాద్ మొత్తంలో సాయానికి ఒక్కడు రాలేదు. ఈ ముసలామె మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఒకప్పుడు ఇక్కడే మూటలు మోసిన మనిషట.

ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

“చూడండి. తెల్లదొరలు కట్టిన వెయిటింగ్ రూమ్. బర్మా టేకు తలుపు. ఫస్ట్ క్లాస్ టికెట్ ఉంటేనే తెరిచేవారు. అమ్మా, ఈ తలుపుతో మీ అనుబంధం చెప్పండి.”

“నా తొలి కాన్పు దీని ముందటనే అయింది. ముసురు పట్టింది ఆ దినం.”

సత్యదేవ్ కళ్లు చెమర్చాయి. “విన్నారా? ఈ స్టేషన్ ఈమెకు పుట్టిల్లు. పాపా అమ్మా, బాబా?”

ఆమె దయాకర్ దిక్కు తిరిగింది. “మీ కంట్రాక్టర్‌ను పిలువు బిడ్డా. ఒక్క మాట అడగాలె. ఒప్పుకుంటే నేనే లేస్త.”

“కాళ్లు మొక్కినా ఆయన కూలగొట్టుడు ఆపడవ్వా. జిద్దు మనిషి.”

“నాకన్ననా?”

ఇంజన్ గుర్రుమంది. బకెట్ మూరెడు దిగింది. ఆమె కదల్లేదు. సత్యదేవ్ అడ్డం పడదామనుకున్నాడు, కాళ్లు రాలేదు. చరిత్ర మీద అతని ప్రేమ అంతవరకే.

ఫోన్ మోగింది. వకీలు.

“స్టే వచ్చేసింది,” అన్నాడు సత్యదేవ్. “ఇక ఈ తలుపుని ఎవడూ తాకలేడు. గెలిచావమ్మా.”

దయాకర్ ఇంజన్ ఆపి చెమట తుడుచుకున్నాడు.

శారదమ్మ లేచి, బండి పక్కన పడున్న గడ్డపార అందుకుని, “మొదటి దెబ్బ నాది కావాలెననే బండిని ఆపిన, ఇప్పుడు కాయిదానికి ఇడిసిపెడ్తనా,” అంటూ, ఆ వాన దినం తానెంత బాదినా తెరుచుకోని తలుపు మీద ఒక్క పోటు పొడిచింది.