తెర పక్కన గుసగుస

నాటకం రిహార్సల్లో ఒక్క మాట మరిచిపోయిన పాపానికి, తెల్లారేసరికి ఆ అమ్మాయి కాలేజీ అంతటికీ నవ్వులాట అయిపోయింది.

అందరూ ఆమెను మిరపకాయ అంటారు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

నాటకంలో ఆమెది చెయ్యని నేరానికి బోనెక్కిన మనిషి వేషం. న్యాయమూర్తి ఎదుట తలెత్తి ఒక మాట అనాలి. సరిగ్గా ఆ మాటే గొంతులో ఇరుక్కుంది. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఎవరో దాన్ని ఫోన్లో తీసి, మేక అరుపు తగిలించి, కాలేజీ గ్రూపులో పడేశారు.

మేక అరిచేదాకా చూసి, ఆపైన చూడలేక ఫోన్ మంచం మీదికి విసిరేసింది మిరపకాయ.

కోపంలో ఉన్నప్పుడు ఆ ఫోన్ జోలికి పోవద్దని అమ్మ నచ్చజెప్పబోయింది.

"వాళ్ళు నవ్వుతుంటే నేను నోరు మూసుక్కూర్చోవాలా అమ్మా?"

"మూసుకోమనలేదే. కాసేపు ఆగమన్నాను."

ఆగడం ఆమె జాతకంలోనే లేదు.

వీడియో తీసింది తెర పక్కనుంచి. రిహార్సల్లో అక్కడ నిలబడేది ఒక్కతే. మాటలు అందించే అమ్మాయి. ఈ ఏడే వేరే కాలేజీ నుంచి వచ్చి వీళ్ళ క్లాసులో చేరింది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు కాబట్టి గుసగుస అని పేరు పెట్టేశారు.

గుసగుస పద్ధతే వేరు. మాట మరిచిపోయినప్పుడు పుస్తకం తిప్పుతూ కూర్చుంటే నాటకం చల్లారిపోతుందంటుంది. అందుకని కష్టమైన మాట వచ్చే ముందు, దాని మొదటి పదాన్ని అరచేతి మీద లావుపాటి అక్షరాలతో రాసుకునేది. నటులు తడబడితే తెర పక్కనుంచి ఆ అరచెయ్యి చూపించేది. పదం కనబడితే చాలు, మిగతాది దానంతటదే వచ్చేసేది.

ఆ రోజు మిరపకాయ ఆ అరచేతి కోసమే చూసింది. అది కనబడలేదు.

మర్నాడు అందరి ముందూ నిలదీసింది.

"నీ చెయ్యి కోసం ఎంతగా వెతికానో తెలుసా? ఆ చేతిలో ఫోన్ ఉంది కదూ?"

"తీసింది నేను కాదు" అంది గుసగుస.

"మరెవరు?"

"మొహం కనపడలేదు. ఫోన్ అడ్డంగా ఉంది. నువ్విప్పుడు కోపంలో ఉన్నావు, నేనేం చెప్పినా వినవు. చల్లబడ్డాక ఆ వీడియో చివరిదాకా చూడు."

తన పరువు తీసిందే కాక మళ్ళీ చూడమంటుందా! మిరపకాయకు ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే గుసగుస ఫోటో తీసి, 'తెరచాటు దొంగ' అని గ్రూపులో పెట్టింది.

నిన్నటిదాకా తనను చూసి నవ్విన వాళ్ళే ఇవాళ తన వైపు చేరారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా తలా ఒక రాయి వేశారు. ఒకడు గుసగుస మొహానికి మేక కొమ్ములు అతికించాడు. అది చూసి మిరపకాయ మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. కానీ మెచ్చుకోళ్ళు వచ్చిపడుతుంటే ఆ చివుక్కు ఎటు పోయిందో తెలియలేదు. ఆ పూట ఆమెకు కడుపు నిండినట్టే అయింది.

గుసగుస కొన్నాళ్ళు తలదించుకుని వచ్చింది. తరవాత రావడం మానేసింది. కాలేజీ మారిపోయిందన్నారు. ఫోన్ నంబరు కూడా మార్చేసిందట.

"దొంగలు పారిపోక ఏం చేస్తారు?" అంది మిరపకాయ.

నాటకం రోజు హాలు కిటకిటలాడింది. మేక వీడియో చూసి నవ్వినవాళ్ళు ముందు వరసలోనే కూర్చున్నారు. రానీ, చూడనీ అనుకుంది మిరపకాయ. మళ్ళీ తడబడితే ఇక జన్మంతా మేకే. అది ఆమెకూ తెలుసు.

ఆ చోటు రానే వచ్చింది. బుర్ర ఖాళీ అయిపోయింది. అలవాటు కొద్దీ తెర పక్కకు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

ముందు వరసలో ఎవడో సన్నగా మేకలా అరిచాడు.

ఒళ్ళంతా భగ్గుమంది. అప్పుడే, మొదటి రోజుల్లో గుసగుస చెప్పిన మాట ఎందుకో గుర్తొచ్చింది. మాట వెంట పరిగెత్తకు, ఊపిరి వదిలి నిలబడు, అదే వస్తుంది అనేది.

మిరపకాయ ఊపిరి వదిలి నిలబడింది. అరిచినవాడి వైపు తిరిగింది. మరిచిపోయిన మాట దానంతటదే వచ్చేసింది.

"చూడకుండా తీర్పు చెప్పకండి. చూసే ధైర్యం ఉంటేనే నా ఎదుటికి రండి."

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది.

రంగు కూడా కడుక్కోకుండా ఫోన్ అందుకుంది. ఆ పాత వీడియో పక్కన, ఇవాళ హాల్లో ఎవరో తీసి గ్రూపులో పెట్టిన ఈ కొత్తది అతికించి, 'ఇప్పుడు నవ్వండి' అని గ్రూపు మొహాన కొట్టాలి. అతికించాలంటే పాతదాని తోక కత్తిరించాలి. అందుకోసం మొదటిసారి దాన్ని చివరిదాకా చూసింది.

మేక అరుపు తరవాత రెప్పపాటు నిడివి ఇంకా ఉంది. నవ్వుకున్నాక ఎవరు చూస్తారని తీసినవాడు దాన్ని కత్తిరించనే లేదు. వీడియోలో తను బిక్కమొహంతో పక్కకు చూస్తోంది. అంతలో కెమెరాకు ఎదురుగా ఏదో వచ్చిపడి అంతా చీకటైపోయింది.

వెనక్కి జరిపి, చీకటి పడే ముందు ఆపింది.

ఆ రోజు తను వెతికిన అరచెయ్యి అక్కడే ఉంది. ఆమె అవమానాన్ని తీస్తున్న ఫోన్‌ను మూసెయ్యడానికి చాచి ఉంది. దాని మీద లావుపాటి అక్షరాలతో, ఆమె మరిచిపోయిన పదం: 'చూడకుండా'.